హెర్పిస్ రక్తపరీక్షల ఐజీఎం పాజిటివ్, ఐజీజీ 1.6 అని వచ్చింది. తెలిసినోళ్లు చెప్పుండ్రి

హన్మకొండ_పోరడు:
అన్నలు, అక్కలు, పేరు చెప్పుకోలేను. వయసు 29. దసరా దాటినంక పెళ్లి. ఏడు వారాల కింద ఒక తప్పు చేసిన. కండోమ్ వాడిన, ఐనా అప్పటిసంది మనసు మనసుల లేదు. మొన్న ఒక ల్యాబ్‌ల రక్తం ఇచ్చిన. హెచ్‌ఎస్‌వీ, అంటే హెర్పిస్ వైరస్, ఐజీఎం పాజిటివ్, హెచ్‌ఎస్‌వీ 2 ఐజీజీ 1.6 పాజిటివ్ అని వచ్చింది. ఒక్క పొక్కు లేదు, మంట లేదు. రోజుకు పదిసార్లు బాత్రూంల ఫోన్ లైట్ పెట్టి చూసుకుంటున్న. పిల్ల ఫోన్ చేస్తే ఎత్తుతలేను. నాకు హెర్పిస్ ఉన్నట్టేనా?

గోదారొడ్డు:
రిపోర్టుల పాజిటివ్ అని ఉంటే ఉన్నట్టే తమ్మీ. పెళ్లి ఆపుకో. ఒక ఆడపిల్ల బతుకు.

ల్యాబ్_కరీంనగర్:
అన్నా, అంత తొందరపడి చెప్పకుండ్రి. పదకొండేండ్ల సంది ల్యాబ్‌ల పనిచేస్తున్న, ఈ పరీక్ష నా చేతులతోని చేసిన.

ఐజీఎం, ఐజీజీ అంటే రోగంతోని కొట్లాడెతందుకు ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలు. తమ్మీ, ఐజీఎం ముచ్చట పక్కన పెట్టు. ఐజీఎం వస్తే రోగం కొత్తగ సోకిందని అనుకుంటరు. హెర్పిస్‌కు ఆ లెక్క నడవది. పాతది మళ్ల లేచినప్పుడు కూడ వస్తది, ఎక్కువగ మూతి దగ్గర లేచే టైపు 1దో, కింద లేచే టైపు 2దో చెప్పది. అమెరికా సర్కారు ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాలల్ల హెర్పిస్‌కు ఐజీఎం చేయొద్దనే రాసింది. ఐనా ప్యాకేజీలల్ల కలిపి అమ్ముతనే ఉన్నరు, అదే నా బాధ.

ఇగ 1.6. అది నీ ఒంట్లె వైరస్ ఎంతుందనే అంకె కాదు. ప్లేటు గుంతలల్ల నీ సీరం, అంటే రక్తం గడ్డకట్టినంక పైన తేలే నీళ్లు, పోస్తం, ఆఖరికి పసుపు రంగు తేల్తది. ఆ రంగు చిక్కదనాన్ని మిషన్ కొలుస్తది. దాన్ని కట్-ఆఫ్, అంటే కిట్‌కు పెట్టిన హద్దు విలువతోని భాగిస్తే వచ్చిందే 1.6. ఎక్కువ కిట్లల్ల 0.9 లోపల నెగెటివ్, 1.1 దాటితే పాజిటివ్, నడుమ ఉంటే తేల్చలేం. టైపు 2కు 1.1 దాటి 3 లోపల వచ్చిన పాజిటివ్‌లల్ల తప్పుడువి శానా ఉంటయి. ఇంకో పద్ధతిల చేసి ఖాయం చేసుకోవాలని అదే సీడీసీ చెప్తది.

ఎట్లనో ఒక లెక్క చెప్త. ఉత్తగ అనుకునే అంకెలే. వెయ్యిమందికి పరీక్ష చేసినం, అండ్ల 50 మందికి నిజంగ ఉంది, వాళ్లందరిని పరీక్ష పట్టుకున్నది అనుకో. పరీక్ష మిగిలిన 950 మందిల నూటికి ఐదుగురిని తప్పుగ పట్టుకుంటది. అంటే 47, 48 మంది. పాజిటివ్ వచ్చినోళ్లల్ల సగం మందికి రోగమే లేదు. లక్షణాలు లేనోళ్లకు ఊకె ఈ పరీక్ష చేయొద్దనేది గిందుకే.

ఏడు వారాలు కూడ తక్కువే. యాంటీబాడీలు తయారైతందుకు కొందరికి 12 వారాలు పడ్తది. నడుమల పొక్కు లేస్తే రక్తం ఇయ్యకు, అది ఎండకముందే చర్మం డాక్టర్ దగ్గరికి పో, స్వాబ్ తీసి, అంటే పొక్కును పుల్లతోని తుడిచి, వైరస్‌నే పట్టే పీసీఆర్ పరీక్ష చేపిస్తరు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ చూపించుకున్నవా? సర్కారు దవాఖానల హెచ్‌ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ, సుఖరోగాలు చూసే సురక్ష క్లినిక్ ఉంటయి. పైసలు తీసుకోరు.

జగిత్యాల_అమ్మ:
తమ్ముడూ, నాకు రెండోసారి కడుపు నిలవకపోతే డాక్టరమ్మ టార్చ్ పరీక్షలు, అంటే కడుపుల బిడ్డకు కీడుచేసే రోగాల రక్తపరీక్షలు, రాసింది. హెర్పిస్ ఐజీఎం, ఐజీజీ రెండు పాజిటివ్. మా ఆయన నెట్‌ల చూసి మూడు రోజులు నాతోని మాట్లాడలే. అత్తమ్మ పుట్టింటికి పొమ్మన్నది. ఏం రోగం బిడ్డా అని మా అమ్మ అడిగితే ఏమని చెప్పాలె?

నెల తర్వాత వేరే డాక్టర్ దగ్గరికి పోయినం. జ్వరమొస్తే పెదవి పక్కన పొక్కులు లేస్తయా అని అడిగిండు. చిన్నప్పటిసంది లేస్తయి, ఎండల తిరిగినా లేస్తయి. అది టైపు 1, చిన్నపిల్లలను ముద్దుపెట్టుకున్నా అంటుతది అన్నడు. నాకు చేసిన పరీక్షల 1, 2 కలిపి ఒక్క ఫలితమే ఇచ్చిండ్రట. లోకంల 50 ఏండ్ల లోపలోళ్లల్ల నూటికి 64 మందికి టైపు 1 ఉంటదని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. మా ఆయన అక్కడనే ఏడ్సిండు. ఇప్పుడు మాకు రెండేండ్ల పాప. ఆ నెల రోజులు మాత్రం నేను మర్చిపోలే.

గోదారొడ్డు:
చెల్లె, నేను తెల్వక అన్న. మా నాయినకు నడుం చుట్టు సర్పి లేస్తే డాక్టర్ హెర్పిస్ అనే రాసిండు, అది గిదేనా?

ల్యాబ్_కరీంనగర్:
కాదన్నా. సర్పి చికెన్‌పాక్స్ వైరస్‌తోని వస్తది. పేరు కలుస్తది గంతే.

మంచిర్యాల_2016:
నాకు నిజంగనే ఉంది. స్వాబ్ తీసి టైపు 2 అని తేల్చిండ్రు. మొదటిసారి మూత్రం పోసుకోవాలంటే ప్రాణం పోయినట్టుండె. మొదటి ఏడాది నాలుగైదుసార్లు లేచింది, ఇప్పుడు రెండేండ్లకొకసారి. చిమచిమ మొదలుకాంగనే వాలాసైక్లోవిర్ అనే వైరస్ మాత్ర వేసుకుంట. వైరస్ నరాలల్ల దాగుంటది, పూర్తిగ పోదు. పెళ్లికి ముందే ఆమెకు చెప్పిన. పొక్కులుంటే దూరముంటం. రోజూ మాత్ర, కండోమ్‌తోని సోకుడు తగ్గుతది, సున్నా కాదు. ఆమె కడుపుతోని ఉన్నప్పుడు డాక్టరమ్మకు ముందే చెప్పినం, ఎందుకంటే నెలలు నిండేటప్పుడు తల్లికి కొత్తగ సోకితే బిడ్డకు ప్రమాదం. ఇద్దరు పిల్లలు, మంచిగున్నరు. ఒకవేళ నీకు ఉన్నా బతుకు ఆగది తమ్మీ.

నిద్రలేని_రాత్రి:
బాత్రూం, ఫోన్ లైట్ అన్నవు సూడు, అక్కడ నా గుండె పట్టేసింది. నేను ఐదు నెలల్ల తొమ్మిదిసార్లు రక్తం ఇచ్చిన. 0.8, 1.2, 0.9, 1.3. నెగెటివ్ వస్తే రెండు రోజులు నిమ్మళం, మూడోనాడు ల్యాబోడు తప్పు చేసిండేమో అనే అనుమానం. గీకి గీకి ఎర్రగైతే అదే రోగమనుకున్న.

ఆఖరికి మానసిక డాక్టర్ దగ్గరికి పోయిన. చూసుకోవాలనిపిస్తే పావుగంట ఆగమన్నడు, గడియారం పెట్టుకొని. రాత్రిపూట నెట్‌ల వెతుకుడు బంద్ అన్నడు. మొదటి వారం చేతకాలే. తర్వాత పావుగంట అరగంటైంది, ఒకనాడు మర్చేపోయిన. పొద్దుగాల వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తుంటి. మరీ తట్టుకోలేకపోతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చెయ్యి, తెలుగుల మాట్లాడుతరు, పైసల్లేవు.

హన్మకొండ_పోరడు:
ఆరు వారాలైంది. చర్మం డాక్టర్ వేరే పద్ధతిల చేపిచ్చిండు. టైపు 2 నెగెటివ్, టైపు 1 పాజిటివ్. చిన్నప్పుడు నాకు మూతి పొక్కులు లేచేవని అమ్మ చెప్పింది. హెచ్‌ఐవీ, సిఫిలిస్ నెగెటివ్. 14416కు రెండుసార్లు చేసిన. బాత్రూంల చూసుకునుడు రోజుకు ఒక్కపాలికి వచ్చింది, ఇంకా పూర్తిగ పోలే.

పిల్లకు మొత్తం చెప్పిన. రెండు రోజులు ఫోన్ లేదు. నిన్న రాత్రి చేసి రిపోర్టు ఫోటో పంపమన్నది. పాతది, కొత్తది రెండు పంపిన. 1.6 అంటే ఏందని అడుగుతున్నది. కరీంనగర్ అన్నా, మీరు రాసింది ఆమెకు పంపొచ్చా?

ల్యాబ్_కరీంనగర్:
పంపు తమ్మీ. ఇంకేమన్న అడిగితే ఇక్కడనే రాయి, చెప్త.