మానేసినవాడి అకౌంటు: తీసెయ్యాలా, లాకు వెయ్యాలా?

రొయ్యల లెక్కలు (భీమవరం):
మాది రొయ్యల మేత అమ్మే చిన్న ఆఫీసు. ఒక ఉబుంటు (లినక్స్) సర్వరు, తొమ్మిది అకౌంట్లు. బిల్లింగ్ చూసే కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని మానేశాడు. అతని అకౌంటుకి యూజర్‌డెల్ -ఆర్ (అకౌంటు తీసేసే కమాండు) కొట్టేద్దామంటాను నేను. మా ఓనరు గారేమో "పాస్‌వర్డ్ మార్చి ఊరుకో, మళ్లీ వచ్చినా వస్తాడు" అంటారు. ఎవరిది రైటు?

చించినాడ వంతెన:
మీదే. వాడనివాటిని ఎవరూ చూడరు, పాడు పడ్డ కొంపలోకే పాములు చేరేది. తీసిపారెయ్యండి.

లాకుల గట్టు:
తొందరపడకండి. -ఆర్ కొడితే హోమ్ ఫోల్డరు కూడా పోతుంది. అది లేకుండా తీస్తే అతని ఫైళ్లు వట్టి నంబరు పేరుమీద మిగిలిపోతాయి, ఫైలు ఎవరిదో సిస్టం గుర్తుపెట్టుకునేది యూజర్ నంబరుతోనే మరి. అసలు చిక్కు ఇక్కడే. ఉబుంటులో మామూలు యూజర్ల నంబర్లు 1000 నుంచి మొదలు. అతనిది ఆఖరి అకౌంటైతే 1008 అనుకుందాం. దాన్ని తీసేసి రేపు కొత్తవాణ్ణి చేరిస్తే యూజర్‌యాడ్ (అకౌంటు చేసే కమాండు) మళ్లీ 1008 ఇవ్వొచ్చు. పాతవాడి ఫైళ్లన్నిటికీ కొత్తవాడు యజమాని! మా దగ్గర ఇలాగే జీతాల పట్టీ కొత్తగా చేరిన పిల్లాడి చేతిలో పడింది. ఆ పూట టెన్షన్ నాకు తెలుసు.

సఖినేటిపల్లి రేవు:
ఓనరు గారి మాటా చెల్లదండీ. పాస్‌వర్డ్ మార్చినా, పాస్‌వర్డ్‌కి లాకు వేసే పాస్‌డబ్ల్యూడీ -ఎల్ కొట్టినా మూసేది ఒక్క దారే. -ఎల్ చేసేదల్లా పాస్‌వర్డ్లు దాచే షాడో ఫైల్లో హ్యాష్ (పాస్‌వర్డ్ మారురూపం) ముందు ఆశ్చర్యార్థకం పెట్టడం. ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ లేకుండా దూరం నుంచి లాగిన్ అయ్యే తాళంచెవి ఫైలు) ఉంటే, మామూలు సెట్టింగుల్లో, దర్జాగా లోపలికి వస్తాడు. లాకు మూశామని ఇంటికెళ్లి పడుకుంటే తూములోంచి నీళ్లు పోయినట్టే. అకౌంటుకే గడువు తీర్చండి: యూజర్‌మాడ్ --ఎక్స్‌పైర్‌డేట్ 1. అంటే 1970 జనవరి 2నే గడువు అయిపోయినట్టు. 0 మాత్రం పెట్టకండి, దాన్ని 'గడువు లేదు' అని కూడా అర్థం చేసుకోవచ్చని మాన్యువల్లోనే ఉంది. ఇప్పటికే లాగిన్ అయి ఉంటే గడువు ఆపదు, అతని పేరుమీద నడుస్తున్నవన్నీ ఆపే పీకిల్ -యు కూడా కొట్టాలి.

చించినాడ వంతెన:
ఇంత తతంగమా? ఫైళ్లు టార్ చేసి (ఒకే మూటగా కట్టి) దాచి, అకౌంటు తీసేసి, యజమాని లేని ఫైళ్లు వెతికే ఫైండ్ -నోయూజర్‌తో మిగిలినవి ఏరేస్తే ఒక పూటలో పని అయిపోతుంది. మీరు మూసిపెట్టిన అకౌంటు పదేళ్లు అలాగే పడుంటుంది, పందెం.

లాకుల గట్టు:
పడుండనివ్వండి. లాగ్‌లో నంబరు చూస్తే ఎవరిదో పేరు తెలుస్తుంది. తీసేస్తే ఎవర్ని అడుగుతారు?

రొయ్యల లెక్కలు:
మీరన్నాక వెళ్లి చూశాను. అతని ఫోల్డర్లో రెండు కీలున్నాయి, ఒకటి ఇంటి ల్యాప్‌టాప్‌దట. అంతకంటే పెద్దది, మా రాత్రి బ్యాకప్ నడిచేది అతని క్రాన్‌లోంచే (టైముకి పనులు దానంతటదే నడిపేది)! తీసేసినా, గడువు తీర్చినా అది ఆగిపోయేది. ముందు దాన్ని వేరే అకౌంటుకి మార్చి, ఆ తర్వాత గడువు పెడతాను. ఇంకో సంగతి, మిగతా ఎనిమిది మందికీ సుడో (సర్వరు మీద పూర్తి అధికారం) ఉంది.

సఖినేటిపల్లి రేవు:
ఎనిమిది మందికీనా! దానికి వేరే చర్చ పెట్టండి బాబూ.