పెంపుడు కుక్క కరిస్తే ఓనర్ నుంచి వైద్యం ఖర్చులు రాబట్టడం ఎలా?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ మాది. గత నెల 9న సాయంత్రం ఏడింటికి లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే పై అంతస్తు వాళ్ల కుక్క మా అమ్మ పిక్కను కరిచి పట్టేసింది, దాని మెడకు గొలుసు ఉంది కానీ రెండో కొస ఎవరి చేతిలోనూ లేదు. నాలుగు పళ్లు లోతుగా దిగాయి. డాక్టర్ కేటగిరీ 3 (అన్నిటికంటే తీవ్రమైన కాటు) అని రాసి, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) ఇచ్చి, 0, 3, 7, 14, 28 రోజుల రేబిస్ టీకాలు మొదలుపెట్టారు. బిల్లు 31 వేలు దాటింది, అమ్మ కుట్టు మిషన్ తొక్కలేకపోతోంది.

ఓనరేమో తమ కుక్కకు టీకాలున్నాయని తప్పించుకుంటున్నారు. అసోసియేషన్ వాళ్లు అది మీరూ మీరూ తేల్చుకోండన్నారు. పోలీసులు ఫిర్యాదు తీసుకుని రసీదు ఇచ్చారు గానీ ఎఫ్ఐఆర్ కట్టకుండా రాజీ పడమంటున్నారు. జంతువును నిర్లక్ష్యంగా వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 291 కింద ఆరు నెలల వరకు జైలు లేదా 5 వేల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయట, కానీ ఆ జరిమానాతో అమ్మకు ఒరిగేదేముంది? పంజాబ్, హర్యానా హైకోర్టు 2023లో ఒక్కో పంటిగాటుకు కనీసం 10 వేలు పరిహారం అన్నది వీధికుక్కల విషయంలో, అదీ ప్రభుత్వం ఇవ్వాల్సింది.

సీసీటీవీ ఫుటేజీ, బిల్లులు, డాక్టర్ చీటీ అన్నీ ఉన్నాయి. ఇలాంటి కేసు నడిపినవాళ్లు చెప్పండి: ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో (ఉచిత న్యాయసహాయం, రాజీ చూసే ప్రభుత్వ సంస్థ) పిటిషన్ వేయాలా, నేరుగా సివిల్ కోర్టులో దావా వేయాలా?