మెరిసే రంగును చూస్తే క్యాటలిస్ట్ గుట్టు తెలుస్తుందా?

హన్మకొండ స్కాలర్:
నిన్న మా సెమినార్‌లో దీని మీదే గొడవ. రెసాజురిన్ అనే రంగు దాదాపు మెరవదు. క్యాటలిస్ట్ (తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగం చేసే పదార్థం) మీద అది రెసోరుఫిన్ అనే ఇంకో రంగుగా మారితే మెరుస్తుంది. 2008లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పెంగ్ చెన్ బృందం 6 నానోమీటర్ల బంగారు రేణువులనే క్యాటలిస్ట్‌గా పెట్టి, లేజర్ వేసి, మైక్రోస్కోప్ కింద ఈ మెరుపులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. రెసోరుఫిన్ అణువు పుట్టగానే వెలుగు, రేణువును వదలగానే చీకటి. ఒకే సీసాలోని రేణువులు కూడా ఒక్క తీరుగా పనిచేయలేదు. క్యాటలిస్ట్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన దారి లేదని నా వాదన.

గోదావరిఖని అన్న:
తమ్మీ, నేను అమ్మోనియా ప్లాంట్‌లో పనిచేస్తా. మా దగ్గర ఇనుము క్యాటలిస్ట్, 400 డిగ్రీలు దాటిన వేడి, 100 అట్మాస్ఫియర్లకు మించిన ఒత్తిడి. అక్కడ మీ రంగు బతుకుతుందా? నైట్రోజన్, హైడ్రోజన్ మీ మైక్రోస్కోప్ కింద మెరవవు కూడా. మీరు చూసేది రంగు సంగతి, క్యాటలిస్ట్ సంగతి కాదు.

కరీంనగర్ లెక్చరర్:
రెసాజురిన్ అంటే పాల పరీక్షలో వాడేదే కదా! బ్యాక్టీరియా ఎక్కువుంటే నీలం పోయి గులాబీ వస్తుంది. నా అనుమానం వేరే. ఈ రంగు గట్టి వెలుతురుకు కూడా మారుతుంది. లేజర్ వేసి చూస్తున్నప్పుడు ఆ మెరుపు రేణువు వల్ల వచ్చిందా, లేజర్ వల్ల వచ్చిందా? క్యాటలిస్ట్ లేకుండా ఒకసారి, లేజర్ తగ్గించి ఇంకోసారి చేసి చూపించకపోతే నేనైతే ఆ గ్రాఫ్ నమ్మను.

హన్మకొండ స్కాలర్:
సార్, ఆ రెండూ చేయాల్సిందే, ఒప్పుకుంటున్నా. అన్నా, అమ్మోనియా విషయంలో మీరే కరెక్ట్. కానీ రిఫైనరీల్లో ముడి చమురు భాగాలను విరగ్గొట్టే జియోలైట్ (సన్న రంధ్రాలున్న ఖనిజం) క్యాటలిస్ట్ రేణువులున్నాయి. 2011లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీలో వెక్‌హైసన్ బృందం వాటికి థయోఫీన్ అనే గంధకపు రసాయనం పట్టించింది. ఆమ్ల స్థానాలు, అంటే చమురును విరగ్గొట్టే పని జరిగే స్థానాలు, ఉన్న చోటే అది మెరిసే పదార్థంగా మారుతుంది. ఏ రేణువులో ఎంత సత్తా మిగిలిందో అలా చూశారు. నడిచే యూనిట్‌లో కాదు, బయట. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. క్యాటలిస్ట్ దగ్గర ఆ లెక్క చెల్లదు, మెతుకు మెతుకుకూ తేడా ఉంటుంది. మీ ప్లాంట్ రీడింగ్ మొత్తం గిన్నె సగటు మాత్రమే చెప్తుంది.

గోదావరిఖని అన్న:
నాకు జీతం ఆ గిన్నెకే ఇస్తున్నారు తమ్మీ! సరే, జియోలైట్ వరకు ఒప్పుకున్నా, దాంట్లోంచి వెలుతురు కాస్త దూరుతుంది. మా ఇనుము క్యాటలిస్ట్ గుళిక నల్లటి రాయి. పైపొర దాటి మీ మైక్రోస్కోప్‌కు ఏం కనబడుతుంది?

కరీంనగర్ లెక్చరర్:
ఇనుము లోహం మీదకు చేరిన రంగు మెరుపు చాలావరకు ఆరిపోతుంది కూడా. దానికి జవాబు చెప్పు బాబూ.

హన్మకొండ స్కాలర్:
చెప్తా సార్, సోమవారం గైడ్‌ను అడిగి.