సమస్యాపూరణం: నీరు పోయని పూలకే నిలుచు సొగసు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య, అంటే మీరు ముందు మూడు పాదాలు రాసి పూరించాల్సిన చివరి పాదం, తేటగీతి ఛందస్సులో:

నీరు పోయని పూలకే నిలుచు సొగసు

విషయం, చేత్తో అల్లిన పూసల పూల సంరక్షణ. పద్యం చదివినవారు తమ ఇంట్లోని పూలను దాని ప్రకారం శుభ్రం చేసుకోగలగాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో నియమిత స్థానంలోని అక్షరంతో పొందిక) కుదిరినా చెప్పిన పద్ధతి తప్పయితే ఆ పూరణను ఒప్పుకోలేను.

పూసలదారం:
పూస పూసగ తీగపై పొదుగు పూలు,
తడిసినంతనె తీగకు తగులు తుప్పు,
పొడిగ కుంచెతో దుమ్మును పోవదుడువ
నీరు పోయని పూలకే నిలుచు సొగసు.

నిర్వాహకుడు:
పూసలదారం గారూ, మూడో పాదం చాలా బాగుంది. మెత్తటి పొడి కుంచెతో రేకు మధ్య నుంచి అంచుకు దులిపితే దుమ్ము చాలావరకు పోతుంది. అయితే రత్నాలను పొదుగుతాం, పూసలను గుచ్చుతాం. మొదటి రెండు పాదాలు ఇలా చూడండి:

పూస పూసను తీగకు పొసగ గుచ్చు
పూలు తడిసిన లోలోన పుట్టు తుప్పు

నీటితో గాజు పూసలకు నష్టం లేదు. తడి పూసల రంధ్రాల్లో, కాడకు చుట్టిన టేపు కింద నిలిచిపోతుంది. పైకి పువ్వు మెరుస్తూనే ఉంటుంది, లోపల ఇనుప తీగ తుప్పు పడుతుంది. రాగి తీగకైతే ఆకుపచ్చ చిలుము.

పూసలదారం:
ధన్యవాదాలండీ. "లోలోన" ఉంచుకుంటాను.

తేటనీరు:
తడిపి పిండిన గుడ్డతో తట్టి తట్టి
మరక తీయుము, గాజుకు మసక తొలగు,
వెనుక చలిగాలి సోకించి వేగ నార్చు,
నీరు పోయని పూలకే నిలుచు సొగసు.

గాజురేకు:
తేటనీరు గారూ, "పోయని" అన్న మాటకు న్యాయం చేశారు. పోయడం వేరు, పిండిన గుడ్డతో అద్దడం వేరు. చలిగాలి అనడమూ సరైనదే, డ్రయ్యర్ వేడికి టేపు జిగురు మెత్తబడుతుంది. కానీ లోపల వెండిపూత ఉన్న పూసలు తడికి నల్లబడే ప్రమాదం ఉంది. వాటికి పొడి కుంచే మేలు. నా పూరణ:

ఎండ తగిలిన రంగులు వెలిసిపోవు,
ముద్ద చేయకు పెట్టెలో ముడిచి పెట్టి,
మాటిమాటికి వంచిన మడత విరుగు,
నీరు పోయని పూలకే నిలుచు సొగసు.

నిర్వాహకుడు:
గాజురేకు గారూ, మొదటి పాదంలో యతి తప్పింది. ఎకారానికి "వె" చెల్లదు. "వేడి యెండలో రంగులు వెలిసిపోవు" అంటే సరిపోతుంది.

పూసలదారం:
నాకు అంతకంటే పెద్ద లోపం కనబడుతోంది. ఇవి పూసల పూలని పద్యంలో ఎక్కడా లేదు. అది చెప్పకపోతే సమస్య విడలేదు. ఇంకొకటి, ఎండకు వెలిసేది అద్దకం రంగు పూసలు. గాజులోనే కలిసిన రంగుకు ఆ భయం అంతగా లేదు.

గాజురేకు:
నిజమే. రెండో పాదాన్ని "పూస పువ్వుల పెట్టెలో పొదవి యుంచు" అని మారుస్తున్నాను. అద్దకం సంగతి పాదంలో ఇమడలేదు, వివరణలో చేరుస్తాను.

నిర్వాహకుడు:
ఈ రూపంలో స్వీకరిస్తున్నాను. "మాటిమాటికి" పాదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. రేకును ఇటోసారి అటోసారి వంచి సర్దుతూ పోతే తీగ గట్టిపడి పెళుసై, సరిగ్గా మడత దగ్గరే తెగుతుంది. అలా తెగిన రేకును విప్పి కొత్త తీగతో అల్లుకోవలసిందే.