పోల్ టోర్తెలియే చెల్లో: ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

లియోన్_అమ్మ:
మా అబ్బాయి ఇక్కడ ఫ్రాన్స్‌లో, లియోన్‌లో చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాయిద్యం, కూర్చుని వాయిస్తారు) నేర్చుకుంటున్నాడు. టీచరు టోర్తెలియేని వినిపించండి అంది. యూట్యూబ్‌లో ఆ పేరు కొడితే ఒక వీడియోలో తెల్లజుట్టు పెద్దాయన చెల్లో వాయిస్తున్నాడు, ఇంకో దాంట్లో ఎవరో ఆర్కెస్ట్రా ముందు నిలబడి కండక్ట్ చేస్తున్నారు. ఇద్దరూ ఒకరేనా? విన్నవాళ్లు కాస్త దారి చూపించండి.

గోదారిగట్టు:
తండ్రీకొడుకులండీ. చెల్లో ఆయన పోల్ టోర్తెలియే, 1914లో పారిస్‌లో పుట్టి 1990లో పోయారు. మీరు చూసిన కండక్టర్ బహుశా కొడుకు యాన్ పాస్కల్, అసలు వయొలినిస్టు, మాంచెస్టర్‌లోని బీబీసీ ఫిల్హార్మోనిక్‌కి 1992 నుంచి 2003 దాకా ముఖ్య కండక్టర్. తండ్రి కూడా కండక్ట్ చేశారు కాబట్టి ఈ తికమక మీ ఒక్కరిదే కాదు. కూతురు మరియా దె లా పౌ పియానో. ముగ్గురూ కలిసి చేసిన రవెల్ ట్రయో (వయొలిన్, చెల్లో, పియానోల కోసం రవెల్ రాసిన రచన) రికార్డు ఉంది, నేనైతే అక్కడినుంచే మొదలుపెట్టమంటాను.

పాతరికార్డులు:
ట్రయో తర్వాత విందురుగాని, ముందు మనిషి గురించి తెలుసుకుంటే వినడంలో మజా ఉంటుంది. నాన్న వడ్రంగి, ఫర్నిచర్ చేసేవాడు. పిల్లాడు పారిస్ కన్సర్వటోయర్ అనే సంగీత కళాశాలలో చేరి 16 ఏళ్లకే మొదటి బహుమతి కొట్టాడు, అదీ ఇంగ్లిష్ సంగీతకారుడు ఎల్గర్ రాసిన చెల్లో కన్సెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే సోలో రచన) వాయించి! 1930లో పారిస్‌లో పరీక్షకి ఎల్గర్‌ని ఎంచుకోవడానికి ధైర్యం కావాలి. తర్వాత మాంటే కార్లో ఆర్కెస్ట్రాలో ఫస్ట్ చెల్లో, అంటే చెల్లోలవాళ్లకి ముఖ్యుడు. అక్కడ జర్మన్ సంగీతకారుడు రిచర్డ్ స్ట్రాస్ స్వయంగా కండక్ట్ చేస్తుంటే, స్ట్రాస్ రాసిన 'డాన్ కిహోటే'లో చెల్లో సోలో వాయించాడు. 1937లో బోస్టన్ సింఫనీకి వెళ్లి కొన్నేళ్లు కండక్టర్ కూసెవిట్‌స్కీ కింద పనిచేశాడు. అసలు పేరొచ్చింది మాత్రం 1947లో లండన్‌లో కండక్టర్ బీచమ్ పిలిచాక, మళ్లీ అదే 'డాన్ కిహోటే'తో. ఆ ఒక్క పీసు ఆయన్ని జీవితాంతం వదల్లేదు, 1973లో డ్రెస్డెన్ ఆర్కెస్ట్రాతో, కెంపె కండక్ట్ చేయగా మళ్లీ రికార్డు చేశాడు. కాబట్టి నా ఓటు దానికే.

నిద్రపట్టనివాడు:
అయ్యా, చిన్నపిల్లాడికి 'డాన్ కిహోటే' వినిపిస్తే పారిపోతాడు. బాక్ సూట్లు పెట్టండి, ఒక్క చెల్లో కోసమే రాసిన ఆరు డాన్స్ బాణీల వరసలు. ఆయన 1960ల మొదట్లో ఒకసారి, 1980ల మొదట్లో ఇంకోసారి ఆరూ రికార్డు చేశాడు. నాకు రెండోదే ఇష్టం. కొంచెం గరుగ్గా ఉంటుంది, కమాను తీగని పట్టుకునే చప్పుడు కూడా వినిపిస్తుంది, కానీ డాన్స్ డాన్స్‌లాగే నడుస్తుంది. నున్నగా కావాలంటే ఫూర్నియేని వినండి, ఆయనా ఫ్రెంచ్ చెల్లిస్టే. రాత్రిపూట నాకు ఫూర్నియే, పొద్దున టోర్తెలియే.

చెల్లో_లేటుగా:
నేను నలభై దాటాక నేర్చుకుంటున్నాను, జర్మనీలో. నాకు ఆయన పరిచయమైంది వంకర పిన్ను వల్ల. చెల్లో కింద నేలకి గుచ్చుకునే ఇనప కడ్డీ ఉంటుందే, ఎండ్‌పిన్, అది మామూలుగా తిన్నగా ఉంటుంది. ఈయన దాన్ని వంచి పెట్టించాడు. తర్వాత రష్యన్ చెల్లిస్టు రోస్త్రోపోవిచ్ కూడా అలాంటిదే వాడాడు. మా టీచరు దగ్గరున్నది బిగించి చూశాను. చెల్లో కాస్త వాలి పడుకున్నట్టవుతుంది, కుడిచేయి బరువు దానంతటదే తీగ మీద పడుతుంది, భుజంతో నొక్కక్కర్లేదు. పై స్థాయిల్లో ఎడమచేయి కూడా సుఖంగా కదులుతుంది. చిక్కేంటంటే స్క్రూ ఏమాత్రం వదులైనా పిన్ను పక్కకి తిరిగిపోయి వాయిద్యం మొత్తం ఒరుగుతుంది, స్లో మూవ్‌మెంట్ మధ్యలో అలా అయితే టెన్షన్ మామూలుగా ఉండదు.

లియోన్_అమ్మ:
@చెల్లో_లేటుగా పిల్లలకి పనికొస్తుందా అది?

చెల్లో_లేటుగా:
ఫుల్ సైజు చెల్లో వచ్చేదాకా ఆగండి. అప్పుడు కూడా టీచర్ని అడక్కుండా కొనొద్దు, కూర్చునే పద్ధతే మారిపోతుంది.

పాతరికార్డులు:
టీచరు అంటే గుర్తొచ్చింది, ఆయన పాఠం చెప్పడం చూడాలి. 1956 నుంచి 1969 దాకా పారిస్ కన్సర్వటోయర్‌లో, తర్వాత జర్మనీలో ఎస్సెన్‌లో చెప్పాడు. బీబీసీలో వచ్చిన మాస్టర్‌క్లాసులతో (అందరూ చూస్తుండగా విద్యార్థులకి చెప్పే పాఠాలు) బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిపోయాడు. ఫ్రెంచ్ యాసతో ఇంగ్లిష్ మాట్లాడుతూ, పాడుతూ, చేతులు ఊపుతూ, మధ్యలో ఒక ముక్క వాయించి చూపిస్తాడు. ఇంగ్లిష్ చెల్లిస్టు జాక్లిన్ దు ప్రే 1962లో కొన్ని నెలలు ఆయన దగ్గర నేర్చుకుంది. 1965లో కండక్టర్ బార్బిరోలీతో ఆమె చేసిన ఎల్గర్ రికార్డు ఈరోజుకీ అందరూ వింటారు. అదే కన్సెర్టోని ఆయన కండక్టర్ బౌల్ట్‌తో 1972లో చేశాడు. రెండూ వరసగా వినండి. ఆమె ఏడిపిస్తుంది, ఆయన ఏడవకుండా నిలబడి చెబుతాడు. నాకు ఆయనదే ఎక్కువసేపు గుర్తుంటుంది, తిట్టుకోండి పర్లేదు.

నిద్రపట్టనివాడు:
తిట్టను గానీ ఒప్పుకోను.

గోదారిగట్టు:
కండక్టింగ్ సంగతి సగంలో వదిలేశాం. 1955లో ఈయన భార్యాపిల్లలతో ఇజ్రాయెల్‌లో మాబరోత్ అనే కిబుట్స్‌కి (అందరూ కలిసి పనిచేసి పంచుకునే ఉమ్మడి పల్లె) వెళ్లి ఏడాదిపాటు ఉన్నాడు. యూదుడు కాడు, క్యాథలిక్ ఇంట్లో పెరిగినవాడు. అందరూ సమానంగా బతికే ఊరు అన్న ఆశతో వెళ్లాడు. కండక్టర్‌గా మొదలుపెట్టింది కూడా 1956లో ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌తోనే. 'ఇజ్రాయెల్ సింఫనీ' అని ఒకటి రాశాడు కూడా. ఆయన పక్కా ఆదర్శవాది. 1950లో స్పెయిన్ చెల్లిస్టు కసాల్స్ ఫ్రాన్స్‌లోని ప్రాద్ అనే చిన్న ఊళ్లో బాక్ ఉత్సవం పెట్టినప్పుడు, స్పెయిన్ నియంత ఫ్రాంకో మీద నిరసనగా ఏళ్ల తరబడి కచేరీలు మానేసి మౌనంగా ఉన్న ఆ పెద్దాయన ఫస్ట్ చెల్లోగా పిలిచింది ఈయన్నే. పియానో వాయించే ఆ కూతురు మరియా పేరు పెట్టింది కూడా కసాల్సే.

లియోన్_అమ్మ:
అందరికీ థాంక్స్. ముందు మాస్టర్‌క్లాస్ వీడియో పెట్టాను, వాడు పాఠం కన్నా ఆయన మొహం చూసి నవ్వుతున్నాడు. రేపు బాక్. ట్రయో నాకోసం దాచుకున్నాను. @పాతరికార్డులు ఆ డ్రెస్డెన్‌ది సీడీ దొరుకుతుందా, స్ట్రీమింగ్ మాత్రమేనా?

పాతరికార్డులు:
స్ట్రాస్ ఆర్కెస్ట్రా రచనలన్నీ కెంపె రికార్డు చేసిన బాక్స్ సెట్‌లో ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చూడండి, పారిస్ వెళ్తే ఇంకా తేలిక.