ఏసీ వేయగానే కారులో ముక్కవాసన: పోగొట్టేది ఎలా?

ప్రశ్న:
కొంతకాలంగా మా కారులో ఏసీ వేయగానే ఆరని బట్టల ముక్కవాసన వచ్చి, కాసేపటికి దానంతట అదే తగ్గిపోతోంది. ఇది కాక, వెనుక సీటు కింద పాలు ఒలికిన చోట పులిసిన వాసన ఎప్పుడూ ఉంటోంది. పెర్ఫ్యూమ్ పెడితే మూడు వాసనలూ కలిసి తల తిప్పుతోంది. పసిబిడ్డ కూర్చునే కారు కనుక ఘాటైన రసాయనాలు వాడటానికి మనసొప్పడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
ముందుగా పెర్ఫ్యూమ్ తీసేయండి. అది ఉన్నంతసేపూ వాసన ఎక్కడినుంచి వస్తోందో ముక్కుకు తెలియదు. ఏసీ వేయగానే వచ్చి తగ్గిపోయే వాసన చాలావరకు ఎవాపరేటర్‌దే, అంటే ఏసీలో గాలిని చల్లబరిచే కాయిల్‌దే. చల్లటి ఆ కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారుతుంది, బండి ఆపాక ఆ తడి ఆరకుండా దుమ్ముతో కలిసి ఉండిపోతే బూజు పడుతుంది. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనుక ఉండే, లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్‌ను బయటకు తీసి చూడండి. మడతల్లో ఆకుల తుక్కు ఇరుక్కుని నల్లబడి ఉంటే దులిపి మళ్లీ పెట్టకుండా కొత్తది వేయడమే మేలు. ఉక్కగా ఉన్న రోజున ఏసీ నడుస్తున్నప్పుడు కారు కింద నీటి చుక్కలు పడకుండా, ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంటే, ఆ నీటిని బయటకు పంపే డ్రెయిన్ పైపు మూసుకుపోయిందని అనుమానించాలి. ఇకపై గమ్యం చేరడానికి ఐదు నిమిషాల ముందే ఏసీ ఆపి, ఫ్యాన్ మాత్రం నడవనివ్వండి, కాయిల్ ఆరుతుంది.

రెండవ జవాబు:
పాల సంగతి వేరు. పాలు కార్పెట్ కింది ఫోమ్‌లోకి దిగుతాయి, అక్కడ బ్యాక్టీరియా వాటిలోని చక్కెరనూ కొవ్వునూ ప్రోటీన్లనూ విడగొట్టడం వల్లే ఆ పులిసిన కంపు. పైన బేకింగ్ సోడా చల్లితే కిందికి చేరదు. వీలైతే కార్పెట్ ఎత్తి, చల్లని నీళ్లతో తడిపిన గుడ్డతో అద్దండి. వేడినీళ్లు పోస్తే ప్రోటీన్ గట్టిపడి పట్టుకుంటుంది. తరువాత, ఇలాంటి మరకలను విడగొట్టే ఎంజైమ్‌లు ఉన్న క్లీనర్‌ను ఫోమ్ లోపలికి ఇంకేలా పోసి, డబ్బా మీద చెప్పినంతసేపు తడిగా ఉంచి, ఆపైన తలుపులు తెరిచి పూర్తిగా ఆరబెట్టండి. సగం ఆరిన కార్పెట్‌ను మూసేస్తే మళ్లీ బూజే.

మూడవ జవాబు:
వాసన పోవడానికి ఓజోన్ వాయువు వదిలే యంత్రం పెట్టించమని ఎవరైనా అంటే తొందరపడవద్దు. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, రబ్బరునూ దెబ్బతీస్తుంది. పైగా పాల మరక అలాగే ఉంటే వాసన తిరిగి వస్తుంది. బిడ్డ సీటు బెల్టులను మాత్రం ఏ క్లీనర్‌లోనూ నానబెట్టకండి, సీటుతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టే తుడవండి.