మంత్రి జవాబులో అంకె ఒకటి, బడ్జెట్ పుస్తకంలో మరొకటి: దేన్ని నమ్మాలి?

చదువరి:
మధ్యాహ్నం కూర్చున్నాను, చీకటి పడింది, పని ఒక్క అడుగు ముందుకు పడలేదు. ఒక కేంద్ర మంత్రిత్వ శాఖ తన కంప్యూటర్ల భద్రతకు ఎంత ఖర్చు పెడుతోందో తెలుసుకుందామని పార్లమెంటులో ఎంపీలు అడిగిన ప్రశ్నలు వెతికాను. సరిగ్గా నాకు కావలసిన ప్రశ్నే దొరికింది. (ఎ) గత మూడేళ్లలో ఏటా ఎంత ఖర్చయింది, (బి) ఎన్ని సైబర్ దాడులు జరిగాయి, (సి) ఎన్ని కార్యాలయాల్లో భద్రతా తనిఖీ పూర్తయింది, (డి) ఆ తనిఖీ నివేదికలను బయటపెడతారా?

జవాబు చదివితే ఒళ్లు మండింది. (ఎ)కి ఒక పట్టిక ఇచ్చారు. అందులోని అంకెలు బడ్జెట్ పుస్తకంలో ఎక్కడా కనిపించవు. (బి), (సి) రెండింటికీ కలిపి ‘సమాచారాన్ని సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అన్నారు. (డి)కి ‘భద్రత దృష్ట్యా వెల్లడించడం సాధ్యం కాదు’ అన్నారు. ప్రజలు ఎన్నుకున్న సభ్యుడు అడిగితే ఇచ్చే జవాబు ఇదా? ఏ అంకె సరైనది? మిగతా సమాచారం ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవారు చెప్పండి.

పాతకాపు:
ఏ సభ? ఏ తేదీ? ఏ శాఖ? ప్రశ్నకు నక్షత్రం గుర్తు (అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న) ఉందా? ఇవేవీ చెప్పకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

సహచట్టం:
ఇలాంటి జవాబులు చూసినప్పుడల్లా నాకు 2005 నాటి సమాచార హక్కు చట్టమే గుర్తొస్తుంది. ఏ సమాచారం ఇవ్వనక్కర్లేదో చెప్పే సెక్షన్ 8లో, 8(1)(జె) కింద ఒక గొప్ప వాక్యం ఉండేది: పార్లమెంటుకు గానీ రాష్ట్ర శాసనసభకు గానీ నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదని. ఎంపీకి ఎంత హక్కుందో ఊళ్లో ఉన్న సామాన్యుడికీ అంతే హక్కు అన్నమాట. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) సెక్షన్ ద్వారా ఆ వాక్యాన్ని తీసేసింది. దీని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. మీరు పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు రెండో అప్పీలు. వదలకండి.

పాతకాపు:
ఆ వాక్యం (జె)కి అనుబంధం. (జె) అంటే వ్యక్తిగత సమాచారం. ఇక్కడ వ్యక్తిగతం ఏముంది? ఈ శాఖ భద్రత పేరు చెబుతోంది. అది దేశ భద్రత మినహాయింపు, 8(1)(ఎ) కిందికి వస్తుంది.

సహచట్టం:
ఆ వాక్యం సెక్షన్ 8 మొత్తానికీ వర్తిస్తుందని వాదించినవారు ఎందరో ఉన్నారు. పైగా 8(2) ఇప్పటికీ ఉంది. ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉంటే మినహాయింపులను పక్కన పెట్టి సమాచారం ఇవ్వవచ్చు. భద్రత అన్న మాట వినగానే చేతులెత్తేయడం పౌరుడి లక్షణం కాదు.

చదువరి:
నేను దరఖాస్తు సంగతి అడగలేదండి. లోక్‌సభ ప్రశ్నే. నక్షత్రం గుర్తు లేదు, లిఖితపూర్వక జవాబు. వ్యాసం ఇంకా అచ్చు కాలేదు కాబట్టి శాఖ పేరు ఇక్కడ చెప్పలేను. ముందు అంకెల సంగతి తేల్చండి. మంజూరైన డబ్బు ఒకటే కదా, రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా ఉంటుంది?

లెక్కలపురుగు:
చిక్కంతా మీరు వాడిన ‘మంజూరు’ దగ్గరే ఉంది. బడ్జెట్ పుస్తకం తెరిచి పుట పైభాగం చూడండి. ఉదాహరణకు 2025–26 పుస్తకంలో వరుసగా నాలుగు గడులుంటాయి: 2023–24 వాస్తవ వ్యయం, 2024–25 బడ్జెట్ అంచనా, 2024–25 సవరించిన అంచనా, 2025–26 బడ్జెట్ అంచనా. అంటే 2024–25లో నిజంగా ఎంత ఖర్చయిందో ఆ పుస్తకంలో దొరకదు. దాని కోసం మరుసటి ఏడాది పుస్తకం చూడాలి. మీ దగ్గర ఒకే ఏడాది పుస్తకం ఉంటే మూడేళ్ల వాస్తవ వ్యయం ఎన్నటికీ దొరకదు. మూడేళ్లకు మూడు పుస్తకాలు కావాలి.

రెండో సంగతి. ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి సభకు ఇచ్చే వ్యయ పత్రంలో పథకాల స్థాయి వరకే లెక్కలుంటాయి. కంప్యూటర్లకెంత, ప్రయాణాలకెంత, జీతాలకెంత అన్నది అందులో కనిపించదు. అది ప్రతి శాఖ విడిగా సభ ముందు ఉంచే సవివర గ్రాంట్ల డిమాండ్ల (ఏ పనికి ఎంత డబ్బు కావాలో సభను కోరే పద్దుల) పుస్తకంలో ఉంటుంది. అక్కడ ప్రతి పద్దుకూ 15 అంకెల సంకేతం ఉంటుంది. మొదటి నాలుగూ ప్రధాన పద్దు, చివరి రెండూ ఆ డబ్బు ఏ వస్తువుకో, ఏ సేవకో చెబుతాయి. ‘సైబర్ భద్రత’ అని వెతికితే ఏమీ రాదు. కొంత డిజిటల్ పరికరాల కింద, కొంత వృత్తి సేవల కింద, కొంత శాఖ అధీనంలోని సంస్థలకిచ్చే గ్రాంట్ల కింద చెదిరిపోయి ఉంటుంది. మంత్రి జవాబు తయారు చేసిన అధికారి ఈ ముక్కలన్నీ ఏరి కూడి ఉంటారు. వేటిని కలిపారో పట్టిక కింద రాసి ఉంటే తప్ప బయటివాళ్లు ఆ మొత్తాన్ని సరిచూడలేరు. ఎంపీలు ఈసారి అడిగేటప్పుడు ‘పద్దులవారీగా’ అన్న మాట ప్రశ్నలో తప్పకుండా చేర్చాలి.

పాతకాపు:
పట్టిక శీర్షిక ఏమిటి? కేటాయింపా, విడుదలా, ఖర్చా?

చదువరి:
‘వినియోగించిన నిధులు’ అని ఉంది. ఖర్చే కదా?

లెక్కలపురుగు:
కాకపోవచ్చు. శాఖ తన అధీనంలోని ఒక సంస్థకు గ్రాంటు విడుదల చేసిన రోజే శాఖ పుస్తకంలో అది ఖర్చుగా పడుతుంది. ఆ సంస్థ పరికరాలు కొన్నదో, డబ్బు బ్యాంకులోనే ఉంచిందో వినియోగ ధ్రువపత్రం వస్తేనే తెలుస్తుంది. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం దాన్ని ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల్లోపు ఇవ్వవచ్చు. అంటే ‘వినియోగించాం’ అని సభకు చెప్పేనాటికి ఒక్క యంత్రం కూడా వచ్చి ఉండకపోవచ్చు.

పాతకాపు:
విడుదలను విడుదల అనే అనాలి. దాన్ని వినియోగం అనడం సభను తప్పుదోవ పట్టించడమే.

లెక్కలపురుగు:
ప్రభుత్వ లెక్కల నియమాల ప్రకారం అది ఖర్చే. తప్పు పట్టాల్సింది శీర్షికను, అంకెను కాదు.

పాతకాపు:
శీర్షిక చూసే కదా సభ్యులు నమ్మేది.

విలేఖరి:
అంకెల గొడవ అలా ఉంచి, (డి) జవాబు చూడండి. అసలు జబ్బు అక్కడుంది. 2016 నవంబరు 18న రక్షణ శాఖ లోక్‌సభకు ఇచ్చిన జవాబులో ఒక్కో రఫేల్ విమానం ధర సుమారు 670 కోట్ల రూపాయలని చెప్పింది. తర్వాత ఎంపీలు ఆయుధాలతో సహా పూర్తి ధర అడిగితే ఫ్రాన్స్‌తో 2008లో కుదిరిన గోప్యతా ఒప్పందాన్ని చూపించారు. 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదిక సభకు వచ్చింది. ఈ కొనుగోలు 2.86 శాతం చవక అని అందులో ఉంది గానీ, ఆ శాతం కట్టిన ధరలే లేవు. ఖర్చును సరిచూడాల్సిన సభ ముందు శాతం పెట్టి మూలాంకె దాచేస్తే సభ్యులు దేన్ని సరిచూస్తారు? పద్దుల మీద చర్చ జరిగేదే అరకొర. 2018 మార్చి 14న లోక్‌సభ డిమాండ్లన్నిటినీ చర్చ లేకుండా గిలెటిన్ చేసి, అంటే అన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టి, ఆమోదించింది. చివరికి మిగిలేది ప్రశ్నలే. వాటికీ ఇదే జవాబు.

కోటకావలి:
నేను చేసేది నెట్‌వర్క్ భద్రత పనే కాబట్టి ఒక మాట. తనిఖీ నివేదికను యథాతథంగా బయటపెట్టమని నేనెప్పుడూ అనను. ఏ సర్వర్ మీద ఏ సాఫ్ట్‌వేర్ ఏ పాత వెర్షన్‌లో ఉందో, ఏ పోర్టు తెరిచి ఉందో అందులో వరుసగా రాసి ఉంటుంది. లోపం సరిచేయకముందే అది బయటికొస్తే దాడి చేసేవాడికి పని సగం తగ్గించినట్లే. కానీ ఎన్ని తనిఖీలు జరిగాయి, ఎన్ని తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి, గడువులోగా ఎన్నింటిని సరిచేశారు, మొత్తం ఎంత ఖర్చయింది అన్న వాటిలో రహస్యం ఏమీ లేదు. ఎంపీ ప్రశ్న (డి)లో నివేదికలే కావాలన్నారు. సారాంశ గణాంకాలు అడిగి ఉంటే ‘భద్రత’ అని తప్పించుకోవడం కష్టమయ్యేది.

దాడుల సంఖ్య కూడా రహస్యం కాదు. 2022లో సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్–ఇన్ దృష్టికి వచ్చిన ఘటనలు 13.91 లక్షలని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అదే సంవత్సరం ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం ఘటన తెలిసిన 6 గంటల్లోపు సంస్థలు సెర్ట్–ఇన్‌కు నివేదించాలి. అంత తొందరగా నివేదించాల్సిన శాఖకు తన దగ్గర జరిగిన ఘటనల లెక్క చెప్పడానికి ‘సేకరణ’ ఎందుకు?

సహచట్టం:
ఆ సెర్ట్–ఇన్‌నే 2023 నవంబరులో సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో, అంటే ఆ చట్టం వర్తించని సంస్థల జాబితాలో, చేర్చారు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారం తప్ప ఇంకేమీ అడగలేం. అందుకే చెబుతున్నాను, దారులన్నీ మూసుకుపోతున్నాయి, మనం మేల్కోవాలి. పైగా పార్లమెంటు కమిటీల సమావేశాలు కూడా తలుపులు మూసే జరుగుతాయి. వాటినైనా ప్రసారం చేయాలి.

కోటకావలి:
ప్రసారం చేస్తే ఏ అధికారీ లోపాలు ఒప్పుకోడు. మూసిన గదిలోనే కొన్ని నిజాలు బయటికొస్తాయి.

సహచట్టం:
దానితో నేను ఏకీభవించను.

పాతకాపు:
అడిగిన మనిషికి జవాబు చెబుదాం. (బి), (సి): ‘సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అన్న మాట పార్లమెంటు పద్ధతిలో హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని పట్టుకుంటుంది. గడువు మూడు నెలలు. పొడిగింపు అడుగుతూ ఉంటారు. నెరవేర్చినప్పుడు అమలు నివేదికను సభ ముందు ఉంచుతారు. కాబట్టి పాత జవాబు పుటను మళ్లీ మళ్లీ తెరిచి లాభం లేదు. పార్లమెంటరీ వ్యవహారాల శాఖ హామీల వెబ్‌సైటులో ప్రశ్న సంఖ్య, తేదీ ఇచ్చి వెతకండి.

(ఎ): ఆ శాఖ వ్యవహారాలు చూసే స్థాయీ సంఘం నివేదిక తీయండి. 24 సంఘాలున్నాయి, ఒక్కోదానిలో 31 మంది ఎంపీలు. గ్రాంట్ల డిమాండ్ల మీద ఏటా ఇచ్చే నివేదికలో బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం పక్కపక్కనే ఉంటాయి. నిధులు ఎందుకు మిగిలాయని సంఘం అడిగిన ప్రశ్న, శాఖ ఇచ్చిన లిఖిత జవాబు కూడా ఉంటాయి. సభలో నక్షత్రం లేని ప్రశ్నకు అనుబంధ ప్రశ్న వేసే వీలు లేదు. సంఘంలో శాఖ కార్యదర్శిని కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ అడగవచ్చు. తేడా అదే.

చదువరి:
స్థాయీ సంఘం నివేదిక దొరికింది. మంత్రి పట్టికలో మొదటి రెండేళ్లవి వాస్తవ వ్యయం, మూడోది సవరించిన అంచనా. పట్టిక కింద ఆ ముక్క ఎక్కడా రాయలేదు. (బి), (సి) హామీల జాబితాలో ఇంకా పెండింగులోనే ఉన్నాయి. ధన్యవాదాలు.

లెక్కలపురుగు:
మూడో ఏడాది వాస్తవ వ్యయం వచ్చాక ఒకసారి పోల్చి ఇక్కడ చెప్పండి.

సహచట్టం:
దరఖాస్తు మాత్రం పెట్టండి. నమూనా కావాలంటే నేనిస్తాను.

కొత్త సభ్యురాలు:
రాష్ట్ర శాసనసభలో మంత్రులిచ్చిన హామీలకు కూడా ఇలాంటి జాబితా ఎక్కడైనా ఉంటుందా? శాసనమండలిలో వచ్చిన ఒక జవాబు కోసం వెతుకుతున్నాను.